ఎదుటివాడు చూసిన మొహం

కదలొద్దని మార్గిట్ ఒక్కసారి కూడా అనలేదు. అయినా కార్నెల్ మేబ్రీ కదలకుండానే కూర్చున్నాడు, ఆనుకోవడానికి వెనక చెక్క లేని ఎత్తు బల్ల మీద, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి, ఆమె వేళ్ళు తన తలలాంటి మట్టి తల మీద తిరుగుతుంటే చూస్తూ. కదలకుండా ఉండడం అతనికి కొత్త విద్య కాదు. పద్నాలుగేళ్ళు ఆ విద్యే అమ్ముకుని బతికాడు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రక్షణ వరసకి నట్టనడిమి మనిషి అంటే ఎవర్నో తరిమేవాడనీ, ఎవర్నో ఎత్తి నేలకేసి కొట్టేవాడనీ జనం అనుకుంటారు. అతని పని అది కాదు. ఎదుటి జట్టు సెంటరు వంగి నేలమీది బంతి పట్టుకుంటాడు, ఆ సెంటరు ముక్కుకి ఎదురుగా ముక్కు పెట్టి తనూ వంగాలి, సెంటరు బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించగానే అతనూ, అతని పక్కనున్న ఇంకో కొండలాంటివాడూ కలిసి తన మీద పడతారు, ఆ ఇద్దరి బరువూ భుజాన వేసుకుని వెనక్కి ఒక్క అడుగు వెయ్యకుండా నిలబడాలి. అంతే పని. తను ఆ ఇద్దర్నీ పట్టి ఉంచితే తన వెనక మార్లన్ ట్రీస్‌కి అడ్డం ఉండదు, ట్రీస్ పరిగెత్తుకొచ్చి బంతి ఉన్నవాణ్ణి కూలుస్తాడు, టొలీడో స్టేడియం మొత్తం లేచి ట్రీస్, ట్రీస్ అని అరుస్తుంది. ఆ అరుపు కార్నెల్‌కి ఎప్పుడూ అడుగునుంచే వినబడేది, ఇద్దరు మనుషుల కింద, చెవినిండా బురదతో, నూతిలో ఉన్నవాడికి పైన పెళ్ళి బాజా వినబడినట్టు.

ట్రీస్ ఆట మానేసిన కొద్ది కాలానికే, గొప్ప ఆటగాళ్ళ కంచు తలలు పెట్టే కీర్తిమందిరంలోకి వెళ్ళిపోయాడు. అక్కడ అతని కంచు తల ఉంది. కార్నెల్ వెళ్ళి చూశాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది, అసలు ట్రీస్ కన్నా అందంగా. కార్నెల్ పేరు మాత్రం ఏటా గడప దాకా వచ్చి వెనక్కి పోయేది. ఎంతమందిని కూల్చాడో చూపించండి అనేవారట పెద్దలు. కూల్చినవాడికి లెక్కలుంటాయి, ఆగినవాడికి ఏం ఉంటాయి. అతను దానికి బాధపడలేదు, లేదా బాధపడి పడి అది అరిగిపోయింది, మోకాలి చిప్ప కింద మెత్తటి ఎముక అరిగిపోయినట్టు, ఇప్పుడక్కడ ఏముందో డాక్టరుకే తెలియదు. ఈ చలికాలం, ఎంపికైన కబురుతో మందిరంవాళ్ళు తలుపు తట్టారు. అప్పుడతను వంటింట్లో, భార్య రోవీనా చెయ్యబోయే చారుకి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. వచ్చినవాళ్ళు అతని కళ్ళు చూసి ఆనందబాష్పాలనుకుని గబగబా ఫొటోలు తీశారు. ఉల్లిపాయలండీ అని చెప్పడానికి మొహమాటమేసింది. సాయంత్రం ట్రీస్ ఫోను చేశాడు. "ఏరా, వస్తున్నావటగా. ఇన్నేళ్ళుగా అక్కడ నా తలకాయ మెడ లేకుండా పడి ఉంది. ఇప్పటికొచ్చింది మెడ." ట్రీస్ అంతే, పొగిడినా తిట్టినట్టే ఉంటుంది.

గదిలో కొవ్వొత్తి కరిగిన వాసన. ఈ మట్టిలో మైనమూ నూనే కలుపుతారట, ఎన్నాళ్ళున్నా ఎండిపోదట, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేలితో నొక్కి మార్చుకోవచ్చట. మంచి మట్టి. దేవుడి దగ్గర ఈ మట్టి ఉండి ఉంటే మనుషుల పని కొంత తేలికయ్యేది. మార్గిట్ అరవై దాటిన మనిషి, ఎముకల గూడులా ఉంటుంది కానీ బొటనవేళ్ళు మాత్రం వడ్రంగివి, ఆ బొటనవేలు ఇప్పుడతని మట్టి చెంప మీద పైకి జరుగుతుంటే అతని అసలు చెంప గుంజినట్టయింది. ఆ వాసనకి అలబామా గుర్తొచ్చింది, గాలివాన సాయంత్రాలు కరెంటు పోతే అమ్మ సీసా మూతల్లో కొవ్వొత్తులు నిలబెట్టడం, వాటి వెలుగులో మొక్కజొన్న రొట్టె పెనంలోనే ముక్కలు కొయ్యడం. అమ్మ వెర్నీస్ ఇప్పటికీ ఆ ఇంట్లోనే, ఆ పెనంతోనే. మొన్న ఆదివారం చర్చి నించి రాగానే ఫోను చేసింది. "నీ తలకాయ చేస్తున్నారటగా నాయనా. ఆ అమ్మాయికి చెప్పు, మట్టి కాస్త ఎక్కువే తెప్పించుకోమని. ఆ తలకాయ సంగతి నాకు తెలుసు, కన్నదాన్ని." ఇద్దరూ నవ్వారు. తరవాత ఆమె అడిగింది, "ఎట్టా పెడుతున్నారు మొహం? నవ్వుతున్నట్టా, ఆడేటప్పటిదా?" ఆడేటప్పటిదేనమ్మా అన్నాడు. "ఓహో. అయితే మీ నాన్నే దిగుతాడు," అంది, బయట మబ్బేసింది అన్నంత మామూలుగా. ఆమె అందులో ఏమీ దాచుకోలేదు. ఆ తరవాత చర్చిలో ఎవరు కొత్త టోపీ పెట్టుకొచ్చారో చెప్పింది. అతను వింటూ ఉన్నాడు, చేతిలో రొట్టెముక్క చల్లారిపోయింది.

నాన్న ఎజ్రా మేబ్రీ కాయితం మిల్లుకి దుంగలు తోలే లారీ డ్రైవరు. తాగేవాడు కాదు, పేకాడేవాడు కాదు, ఆయన్ని ఎవరైనా చెడ్డవాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. కోపం మాత్రం వేసవిలో వానలా వచ్చేది, ఎందుకొచ్చిందో తెలియదు, వచ్చే ముందు ఒక గుర్తు మాత్రం ఉండేది: ఎడమవైపు పై పెదవి లేచి కోరపన్ను కనబడేది. అది లేవడం చూస్తే అమ్మ పొయ్యి ఆపేసి "పిల్లలూ, బయటికి" అనేది, అంతే, గొంతు పెంచకుండా. బయట వేరుశనగ చేలో కూర్చునేవాళ్ళు తనూ, ఇద్దరు చెల్లెళ్ళూ. లోపల ఏవో పడేవి. ఒకసారి వంటింటి దోమల తలుపు బిజాగరీలతో సహా ఊడి వచ్చి పెరట్లో పడింది, కోళ్ళు దాని మీదెక్కి నడిచాయి. పదమూడో ఏట అనుకుంటా, బయటికి పొమ్మంటే తను పోలేదు. నిలబడ్డాడు. నాన్న చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి అప్పటికే. నాన్న మొహం అప్పుడు దగ్గరగా చూశాడు, బెత్తెడు దూరంలో. పెదవి, పన్ను, ముక్కు పక్కన మడత. ఆ మొహం మెల్లిగా జారిపోయింది, తడిసిన కాయితం జారినట్టు, నాన్న వెళ్ళి కుళాయి దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నాడు, చేతులకి ఏమీ లేకపోయినా. మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అమ్మకి మళ్ళీ పిల్లల్ని బయటికి పంపే అవసరం రాలేదు. కానీ ఆ ఏడే స్కూల్లో ఎవరితోనో గొడవై ఇంటికొస్తే అమ్మ వాకిట్లోనే ఆగిపోయి "అచ్చం ఆయనే" అంది, తనకి తను చెప్పుకున్నట్టు, ఒక్క అడుగు వెనక్కేసి. ఆ వెనక్కేసిన అడుగు. ఇద్దరు మనుషుల బరువుకి ఏనాడూ వెనక్కి అడుగెయ్యనివాడు, ఆ ఒక్క అడుగుని ఇప్పటికీ మొయ్యలేడు.

అప్పట్నించీ మొహాన్ని కట్టేసి పెట్టుకున్నాడు. బడిలో, ఇంట్లో, తరవాత పెళ్ళిలో. రోవీనా మొదటి రోజుల్లో అడిగేది, "ఏమయ్యా, నీకు కోపం రాదా, రాకుండా పెంచారా?" ఒక్కచోట మాత్రం కట్టు విప్పాడనుకున్నాడు. ఒక్కచోట ఎవరికీ కనబడదు కదా, ఇనప జాలీ వెనక, హెల్మెట్ లోపల. హైస్కూల్లో కోచ్ పురిఫాయ్ వాళ్ళ వరసని గోడకి నిలబెట్టి అనేవాడు, "మీరందరూ ఏం నేర్చుకుంటారో నాకు తెలీదు గానీ, వంగేటప్పుడు మేబ్రీ మొహం చూసి నేర్చుకోండ్రా. ఆ మొహానికే సగం ఆట గెలిచాం." ఏ మొహం. ఏముంది అందులో. అడగలేదు. తరవాత టొలీడోలో మూడో ఏడు అనుకుంటా, ఒక పత్రిక అట్ట మీద తన ఫొటో వేశారు, జాలీ వెనక పళ్ళు, మంచు, ఆవిరి, కళ్ళు కనబడవు, కింద పెద్ద అక్షరాల్లో గోడ అని. ఆ పత్రిక ముందుగదిలో బల్ల మీద ఉండేది. పొద్దున్నే చూస్తే బోర్లా ఉండేది. తను తిప్పి పెట్టేవాడు, మధ్యాహ్నానికి మళ్ళీ బోర్లా. రోవీనా అనుకున్నాడు, రోవీనా కాదు, కూతురు ఇమానీ, అప్పటికి దానికి బల్ల సరిగ్గా అందేది కూడా కాదు, మునివేళ్ళ మీద లేచి చిటికెన వేలితో అంచు పట్టుకుని తిప్పడం ఒకరోజు తలుపు సందులోంచి చూశాడు. తిప్పేసి, చెయ్యి గౌనుకి తుడుచుకుంది.  పత్రిక తీసి అటక మీద పెట్టాడు. ఇమానీ ఇప్పుడు అట్లాంటాలో పశువుల డాక్టరు, గుర్రాల నోట్లో మోచేతి దాకా చెయ్యి పెడుతుంది, దేనికీ భయపడదు, ఆగస్టులో పండగకి వస్తుంది, కంచు తల మీద గుడ్డ తీసినప్పుడు మొదటి వరసలో కూర్చుంటుంది. కంచుని బోర్లా తిప్పలేం.

మార్గిట్ వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి చూసింది. గోడ నిండా అతని ఫొటోలు గుచ్చి ఉన్నాయి. పోయినసారి వచ్చినప్పుడే చెప్పిందామె తన చిక్కు. "మేబ్రీ గారూ, ఎముక దొరికింది నాకు. చెవులు దొరికాయి. మొహం దొరకలేదు. ఈ ఫొటోల్లో మీరు రెండే రకాలు. ఒకటి జాలీ. ఇంకోటి ఆటయ్యాక ఎవరో నవ్వమంటే నవ్విన మొహం. ఆడే క్షణంలో మీరెలా ఉంటారో ఒక్కదాంట్లోనూ లేదు." ఆట తీసిన వీడియోలున్నాయి కదా అన్నాడు. చూశానంది, పైనుంచి తీసినవి, చీమల్లా ఉన్నారు, పుట్ట పగిలినట్టుంది తప్ప ఏమీ తెలియలేదంది. "ఆ క్షణంలో మీ మొహం ఎవరైనా చూశారా? దగ్గరగా?" అప్పుడతను ఆలోచించకుండానే ఒక పేరు చెప్పేశాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు. కానీ ఆమె అప్పటికే చేతులు తుడుచుకుని, ఆయనకి ఫోను చెయ్యండి అంది.

లైల్ నోవాక్. మెంఫిస్ జట్టు సెంటరు. నెబ్రాస్కా పల్లెటూరి వాడు, ఎర్రటి మెడ, పశువుల సంతలో పెరిగిన గొంతు. ఏడాదికి రెండుసార్లు, పదకొండేళ్ళు, ఆ మొహానికి బెత్తెడు దూరంలో ఈ మొహం. పెళ్ళాన్ని కూడా అంత దగ్గరగా, అంత శ్రద్ధగా ఎవడూ అన్నిసార్లు చూసి ఉండడు. లైల్ నోరు మూసేవాడు కాదు. బంతి మీద చెయ్యి వేసి, వెనక ఆ బంతి అందుకోవాల్సిన వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఏవో సంకేతాలు అరుస్తుంటే, ఇతను కింద గొణుగుతూ ఉండేవాడు. "మేబ్రీ, ఇంటి చూరు తూముల్లో ఆకులు ఎవరు తీస్తార్రా మీ ఇంట్లో? నాకు నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతాయి. మా ఆవిడేమో ఇంత ఒళ్ళు పెంచావెందుకు అంటది." ధడేల్. లేచి, మట్టి దులుపుకుని, మళ్ళీ వంగి, "మా చిన్నది ఊడిన పన్ను మింగేసింది. ఇప్పుడేం చెయ్యాలంటావు?" ధడేల్. కార్నెల్ ఒక్కసారి కూడా బదులివ్వలేదు. పొగరనుకునేవారు అందరూ. పొగరు కాదు, నోరు తెరిస్తే నవ్వొస్తుంది, నవ్వొస్తే నడుము వదులవుతుంది. మంచు కురిసే డిసెంబరు ఆదివారాల్లో ఆ గొణుగుడు కోసం ఎదురుచూసేవాడని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక్క ఆట. నాన్న పోయిన వారం. దుంగల లారీ పక్కనే, టైరుకి ఆనుకుని కూర్చుని పోయాడట, ఎవరికీ చెప్పకుండా. శుక్రవారం మట్టి చేసి శనివారం విమానమెక్కి ఆదివారం మెంఫిస్ మీద ఆడాడు. ఏడవలేదు, చర్చిలో చెల్లెళ్ళు ఏడుస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎవరో అన్నారు కూడా, కొడుకు రాయిరా అని. ఆ ఆదివారం లైల్ వంగాడు, బంతి పట్టుకున్నాడు, మాట్లాడలేదు. మళ్ళీ వంగాడు, మాట్లాడలేదు. ఆట మొత్తం. చివర్లో చేతులు కలిపే చోట కూడా భుజం మీద ఒక దెబ్బ వేసి వెళ్ళిపోయాడు. తండ్రి పోయాడని పేపర్లో చూసి ఉంటాడు, మర్యాద, అనుకున్నాడు కార్నెల్, ఇన్నేళ్ళూ అదే అనుకున్నాడు, పోయిన వారం దాకా. ఆ పేరు నోట్లోంచి జారిపోయిన తరవాతే, ఇంటికెళుతూ కార్లో, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది: మర్యాద కాదేమో. భయమేమో. ఆ రోజు జాలీ వెనక తన పెదవి లేచి ఉందేమో. దీపం పచ్చబడింది, వెనక వాళ్ళు హారన్ కొట్టారు, అతను కదల్లేదు.

ఫోను చేశాడు, చెయ్యక తప్పక. "లైల్? నేను. కార్నెల్ మేబ్రీని." అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తరవాత, "ఓరి దేవుడా. నీకు గొంతు కూడా ఉందా."

ఇవాళ వస్తానన్న లైల్ రాకపోతే బాగుండు, అనుకున్నాడిప్పుడు, బల్ల మీద నడుము సర్దుకుంటూ. బండి చెడిపోతే బాగుండు. తుంటి మార్పించుకున్నాడని విన్నాడు, డాక్టరు అంత దూరం నడపొద్దంటే బాగుండు. కావాలంటే పోస్టర్లలో అందరికీ వేసే మొహమే పెట్టేసుకోవచ్చు, నుదురు ముడేసి, పెదవులు బిగించి, అదే కదా ఇప్పుడు మట్టిలో ఉన్నది, ఎవరికీ అభ్యంతరం ఉండదు, గోడ అంటే అలాగే ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. కిటికీలోంచి మే నెల ఎండ వచ్చి మట్టి చెవి మీద పడింది. ఎండలో ఆ చెవి నిజంగా నాన్న చెవే. చెవి వరకూ ఫరవాలేదు. చెవితో ఎవర్నీ కొట్టలేదు నాన్న. ఆదివారాలు ఆ చెవి మీద పెన్సిలు పెట్టుకుని చెల్లెలి లెక్కలు చూసేవాడు, తప్పులు దిద్దేవాడు కాదు, తప్పున్న చోట చిన్న చుక్క పెట్టి ఇచ్చేవాడు, నువ్వే కనుక్కో అని. ఇది ఎప్పుడు మర్చిపోయాడు. ఎలా మర్చిపోయాడు. అంత పెద్ద కోపమున్న మనిషి, చుక్క అంత చిన్నగా పెట్టేవాడు.

బయట కంకర మీద చక్రాల చప్పుడు. తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

లైల్ నోవాక్ అడ్డంగా కొంచెం తగ్గాడు, పొడుగులో కూడా తగ్గినట్టున్నాడు, కనుబొమ్మలు తెల్లబడి గడ్డిపోచల్లా లేచి ఉన్నాయి. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో ఊరవేసిన బీట్‌రూట్ సీసా. సీసా మార్గిట్‌కి ఇచ్చాడు. "మా ఆవిడ పంపింది. వీడికి పెట్టకండి, వీడు రుచి చెప్పడు." అప్పుడు కార్నెల్‌ని చూశాడు. కార్నెల్ బల్ల దిగాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, కౌగిలించుకోవడం ఇద్దరికీ చేతకాలేదు, అంతకుముందు కౌగిలించుకున్నవన్నీ వేరే రకం.

లైల్ మట్టి తల దగ్గరికెళ్ళి చుట్టూ తిరిగాడు, సంతలో ఎద్దుని చూసినట్టు. వంగి కిందనుంచి చూశాడు. 

"ఎవరండీ ఇది?" అన్నాడు చివరికి.

"మీరే చెప్పాలి," అంది మార్గిట్.

"వీడు కాదు. ఇది కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద వేసుకోండి, పిల్లలు కొంటారు."

కార్నెల్ గొంతు సవరించుకున్నాడు. పదకొండేళ్ళు నోరు విప్పనివాడు అడగాల్సిన మాట ఒక్కటే, అది ఎలా వచ్చినా సరే రావాలి. "కోపంగా ఉండేవాణ్ణా?"

"కోపమా?" లైల్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "కోపంగా వచ్చినవాణ్ణి నేను గంటలో పడుకోబెట్టేవాణ్ణిరా. కోపిష్టివాడు అంత సులువు. తొందరపడతాడు, బరువు ముందుకి పడేస్తాడు, కాస్త పక్కకి తప్పుకుంటే వాడే పడతాడు. నీతో అదే కదా నా చావు. అన్ని కబుర్లు ఎందుకు చెప్పేవాణ్ణనుకున్నావు? నీకు కోపమన్నా వస్తుందేమో, నవ్వన్నా వస్తుందేమో అని. ఏదీ రాదు. మా అమ్మ ఓవెను అద్దంలోంచి రొట్టె పొంగుతోందా లేదా అని చూసేది, మేం పక్కన ఇల్లు తగలబెట్టినా తిరిగేది కాదు. ఆ మొహం. అట్లా చూసేవాడివి నా చేతిని. నాకు ఒక్కోసారి ఎంత ముచ్చటేసేదంటే, బంతి అందివ్వడం మర్చిపోయేవాణ్ణి."

మార్గిట్ పెన్సిలు తీసింది. కార్నెల్ అక్కడితో ఆగొచ్చు. ఆగితే బాగానే ఉండేది. "ఒక ఆదివారం," అన్నాడు. "మా నాన్న పోయిన వారం. నువ్వు మాట్లాడలేదు."

లైల్ కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "మాట్లాడలేదు."

"ఎందుకని?"

"ఏడుస్తున్నావు కదరా."

మార్గిట్ పెన్సిలు పక్కన పెట్టింది.

"మొదటిసారి వంగినప్పుడే చూశాను," అన్నాడు లైల్, ఇంకాస్త నెమ్మదిగా. "కారిపోతోంది. మొహం అదే, ఎప్పటి మొహమే, నా చెయ్యే చూస్తున్నావు, కళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. ఆట పొడుగునా. నీకు తెలీదా?"

తెలియదు. చెమట అనుకున్నాడు. నవంబరు చలిలో చెమటేమిటి అనుకోలేదు. ఉప్పగా ఉంది నోట్లో, అది గుర్తుంది, విరామంలో నీళ్ళు తాగితే కూడా పోలేదు, అది గుర్తుంది. చర్చిలో రానిది, గొయ్యి దగ్గర రానిది, డెబ్భై వేల మంది నడుమ, ఎవరికీ కనబడని చోట, శత్రువు మొహానికి బెత్తెడు దూరంలో వచ్చింది, వచ్చి పని పాడుచెయ్యకుండా వెళ్ళిపోయింది. టైరుకి ఆనుకుని కూర్చున్న మనిషి. చేతులు చాలాసేపు కడుక్కున్న మనిషి.

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను? మావాళ్ళకి చెప్తే నీమీద ముగ్గుర్ని తోలేవాళ్ళు." ఆగి, "మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఆవిడకి అన్నీ చెప్తాను నేను, మా చిన్నది మింగిన పన్ను ఎప్పుడు దొరికిందో కూడా చెప్పాను."

మార్గిట్ ముక్కు ఎగబీల్చి, మోచేత్తో మొహం తుడుచుకుంది. మట్టి అంటింది నుదుటికి. "నోవాక్ గారూ, మీరు చెప్పింది నేను విన్నాను. వింటే చాలదు. నేను చూడాలి."

లైల్ ఆమెని చూశాడు, నేలని చూశాడు, కార్నెల్‌ని చూశాడు. "నా తుంటి ఇనపది," అన్నాడు. "నీ మోకాళ్ళు?"

"ఒకటి ఇనపది."

"అయితే తలా ఒకటి." కర్ర గోడకి ఆనించి, బల్ల మీంచి గుమ్మడికాయంత మట్టి ముద్ద తీసుకుని, సిమెంటు నేల మధ్యలో పెట్టి, ఒక మోకాలు, ఇంకో మోకాలు, ఏవేవో ఊళ్ళ పేర్లు పెట్టి తిడుతూ కిందికి దిగాడు. మడమలు లేపి, వెన్ను చదును చేసి, కుడిచెయ్యి ముద్ద మీద వేశాడు. ముసలి ఒళ్ళు ఒక్కసారిగా ఎక్కడెక్కడి ముక్కలూ తెచ్చుకుని అతుక్కుంది. కార్నెల్ బల్ల అంచు పట్టుకుని నేల మీదికి దిగాడు. మోకాలు అరిచింది, నడుము అరిచింది, అరవనీ అనుకున్నాడు. ఎడమచెయ్యి వెనక్కి, కుడిచేతి మూడు వంకర వేళ్ళు నేలకి. తల ఎత్తాడు. లైల్ మొహం అక్కడే ఉంది, ఉండాల్సిన చోట, బెత్తెడు దూరంలో. మధ్యన జాలీ లేదు. కుడికంట్లో పొర కమ్మి పాలరంగు తేలింది. ముక్కు మీద పాత గాటు, అది తన హెల్మెట్ చేసిందే. కాఫీ వాసన, బీట్‌రూట్ ఊరిన సిరకా వాసన. అమ్మ, ఇమానీ, అట్ట మీది పళ్ళు, ఆగస్టు, గుడ్డ తియ్యడం, ఇవన్నీ ఎక్కడో ఉండే ఉంటాయి. అతని చూపు ముద్ద మీదున్న చేతి మీదికి దిగింది. ఆ చేతి బొటనవేలి గోరు తెల్లబడితే పట్టు బిగిసినట్టు. ఇంకా బిగియలేదు. చూస్తున్నాడు. ఏమీ అనుకోవడం లేదు.

మార్గిట్ ఎప్పుడో కాగితాల పుస్తకం తీసుకుని నేలమీద బోర్లా పడుకుంది, గడ్డం సిమెంటుకి ఆనేలా, వాళ్ళ మొహాల పక్కనే. పెన్సిలు గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎంతసేపో.

"చాలు," అందామె మెల్లిగా. "దొరికింది. లేవండి."

ఇద్దరూ లేవలేదు.

"నువ్వు లే ముందు," అన్నాడు లైల్.

"నువ్వే లే."

"నేను లేవను. బంతి కదలకముందు ఎవడు కదిలితే వాడిదేనమ్మా తప్పు, మా ఆటలో," అన్నాడు మార్గిట్‌తో, చూపు మాత్రం కార్నెల్ మీంచి తియ్యకుండా.

లేవబోయినదల్లా ఆగి ఆమె ఇద్దర్నీ చూసింది. మళ్ళీ గడ్డం నేలకానించి, కాగితం తిప్పి, కొత్త పేజీలో గియ్యడం మొదలుపెట్టింది.